ఋణధర్మవేత్త రైఫైజన్ మహాశయుని చరిత్రము

దానము పుణ్యహేతువనియు, ఋణము దుఃఖహేతువనియు మన పెద్దలు తలంచుచు వచ్చిరి. మనుష్యుడు పుట్టుటతోడనే దేవతలకును, ఋషులకును, పితరులకును ఋణపడునని శ్రుతి చెప్పుచున్నది గనుక ఋణమను మాట మనకు క్రొత్తది కాదు. యజ్ఞముచే దేవఋణమును, అధ్యయనముచే ఋషిఋణమును, సంతానముచే పితృఋణమును తీరునని తెలిపిన శ్రుతి, ఊరి షాహుకారు బాకీ తీరు మార్గమును మాత్రము మనకే విడిచిపెట్టినది. ఆ మార్గమును వెదకుటయందే జీవితమును వెచ్చించిన యొక పరదేశీయుని చరిత్రమును ఈ సంచికకై వ్రాయ బూనితిమి.

మన కులమునకు గాని, మన దేశమునకు గాని చెందనివాని కథ యిచ్చట నేలయని చదువరులు కొందరు శంకింపవచ్చును. ఈ సంవత్సరపు మహాసభలో సభ్యుల పరస్పర సహాయార్థమై పరపతి సంఘ మొకటి స్థాపింపవలెనను తీర్మానము చర్చకు రానున్నది. వదాన్యులు కొందరు దానికి విరాళములు వాగ్దానము చేసియున్నారు. విరాళముతో మొదలిడి, విరాళము చాలదని పదునైదేండ్ల కష్టముచే తెలిసికొనినవాడు ఈ జర్మనీ దేశీయుడు. ఆయన పేరు ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ రైఫైజన్.

ఈ పేరు మన ప్రాంతమునకు వచ్చిన విధమును ముందుగా చెప్పుదుము. 1892లో చెన్నపురి ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ దొరను, ఐరోపా ఖండమున రైతులకు పెట్టుబడి దొరకు పద్ధతులను పరిశీలించి రమ్మని నియోగించిరి. ఆయన నివేదిక 1895లో నొకటియు, 1897లో నొకటియు రెండు సంపుటములుగా వెలువడెను. మన దేశమున నప్పటికే నిధులనబడు సంస్థలు లేకపోలేదు. మైలాపూరు హిందూ పర్మనెంటు ఫండు 1872లోనే పుట్టినది. నికల్సన్ దొర వానినిగూడ శ్రద్ధతో పరిశీలించెను. కాని అవి పట్టణములలో నెలజీతముల వారికి పనికివచ్చెనే గాని, వర్షమును నమ్ముకొనిన పల్లెవానికి పనికిరాలేదు. ఆ పెద్ద గ్రంథమును తుదివరకు చదివిన వారెందరో మేమెఱుగము. అయినను గ్రంథకర్తయే దాని సారమును చివర రెండు మాటలలో తేల్చివేసెను. రైఫైజన్ వంటి వానిని వెదకి పట్టుకొనవలెనని దాని తాత్పర్యము. చట్టము వ్రాయుమనలేదు, ధనము పంపుమనలేదు, మనుష్యుని వెదకుమనెను.

ఆ మనుష్యుడు 1818వ సంవత్సరము మార్చి 30వ తేదీన, ప్రష్యా రాజ్యములోని రైను మండలమున, జీగ్ నది యొడ్డున నున్న హమ్ అను చిన్న యూరిలో జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో నేడవవాడు. తండ్రి యొకప్పు డాయూరి పరిపాలకుడే గాని, ఆయన యండ బిడ్డలకు చిన్ననాటనే లేకపోయెను. తల్లియే సంసారమును నెట్టుకొని వచ్చెను. పట్టణమునకు పంపి పెద్ద పాఠశాలలో చదివించు శక్తి ఆమెకు లేదు. ఆ గ్రామపు క్రైస్తవ మతాచార్యుడు జైపెల్ అనువాడు బాలుని చేరదీసి చదువు చెప్పెను. భక్తియు, నియమపాలనము, ఇతరుల కష్టమును తనదిగా నెంచుటయు ఆ గురువువలననే అబ్బెనని ఆయన చరిత్రకారు లందరును చెప్పుదురు. ఉపాధ్యాయ వృత్తిలో తల నెరసినవారమగుటచే ఈ యంశమును మేము కొంచెము గట్టిగా పలుకుచున్నామని యెవరైన ననిన నందురు గాక.

పదునేడేండ్ల వయస్సున ఫిరంగి దళములో చేరెను. సైన్యమున పైకి వచ్చు లక్షణములన్నియు నుండెను గాని, నేత్రరోగము పట్టుకొనెను. 1843లో సైన్యమును విడిచి సివిలు కొలువునకు మారెను. ఈ కంటి జబ్బు ఆయనను మరణపర్యంతము వదలలేదు. అది లేకున్నచో లోకము ఆయన పేరు వినియుండదు. 1845లో, ఇరువదియేడవ యేట, వెస్టర్వాల్డ్ కొండ ప్రాంతమున వాయర్‌బుష్ అనుచోట బర్గోమాస్టరుగా నియమితుడయ్యెను. బర్గోమాస్టరనగా అచ్చట నొక యూరికి గాక కొన్ని పల్లెల సముదాయమునకు అధికారి. మన పూర్వపు మునసబు కరణములకంటె పెద్దవాడు, తహసీలుదారుకంటె చిన్నవాడు. జీతము స్వల్పము, పని యపారము. ఆ సంవత్సరముననే ఎమిలీ స్టోర్క్ అను కన్యను వివాహమాడెను.

వాయర్‌బుష్‌నకు వచ్చిన మరుసటి యేడే క్షామము వచ్చిపడెను. బంగాళాదుంప కుళ్లిపోయెను, ధాన్యము పండలేదు. 1846-47 శీతకాలమున నా కొండ పల్లెలలో ఆకలి తాండవించెను. ప్రభుత్వమువారు తమ గిడ్డంగుల నుండి పిండిని పంపిరి గాని, రొక్కము చేత బెట్టిన వారికే యమ్మవలెనని నిబంధన పెట్టిరి. రొక్కమే యున్నచో ఆకలి యేల? ఈ యువకాధికారి ఆ నిబంధనను ప్రక్కకు నెట్టి, పేదలకు పిండిని అరువు మీద నిప్పించెను. కొలువు పోవు పని యది. తరువాత ఊరిలోని కలిగినవారిని కూర్చి, వారిచే సొమ్ము వేయించి, రొట్టెల సంఘము నేర్పరచెను. ఊరుమ్మడిగా నొక పొయ్యిల్లు కట్టించి, రొట్టెలు కాల్పించి, బజారు ధరలో సుమారు సగమునకే అందజేసెను. తీసికొన్న వారు చేతికి డబ్బు వచ్చినప్పుడు తీర్చిరి. విత్తనపు దుంపలను సైత మట్లే తెప్పించెను. పాఠశాలలు కట్టించెను, కొండ పల్లెల సరకు రైను నది రేవులకు చేరుటకై బాటలు వేయించెను.

1848లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌నకు బదిలీ యయ్యెను. అచ్చటి కష్టము వేఱు విధమైనది. రైతునకు ఆవు కావలెను, కొన డబ్బు లేదు. పశువుల వర్తకుడు ఆవును అరువిచ్చును. మేపుట రైతు వంతు, ఆవు మాత్రము వర్తకునిదే. వాయిదా తప్పినచో పాలిచ్చు దినములలోనే దానిని తోలుకొనిపోవును. భూమి తాకట్టు పెట్టినవాని గతియు నిట్టిదే. రైఫైజన్ 1849లో ఆ ప్రాంతమున అరువదిమంది ధనికులను ఒప్పించి, పేద కర్షకుల సహాయ సంఘమును స్థాపించెను. ఆ యరువదిమందియు తమ యాస్తి నంతయు పూచీ యుంచి సొమ్ము తెచ్చిరి. సంఘము ఆవులను తానే కొని పేదవానికిచ్చి, అయిదేండ్లలో వాయిదాలమీద తీర్పించుకొనెను. కొంతకాలమునకు ఆవులకు బదులు సొమ్మునే అప్పుగా నిచ్చుట మొదలయ్యెను. ఈ పని బహు దొడ్డది. కాని ఇందొక లోపము కలదు. దానిని కనిపెట్టుటకు ఆయనకు ఇంకొక పది పదునైదేండ్లు పట్టెను.

1852లో నోయ్‌వీడ్ పట్టణము ప్రక్కనున్న హెడ్డెస్‌డోర్ఫ్‌నకు వచ్చి, 1854లో అచ్చట ధర్మ సంఘము నొకదానిని పెట్టెను. దాని యాశయములను వినిన ఆశ్చర్యము కలుగును. దిక్కులేని పిల్లలను పెంచుట, పని లేనివారికి పని చూపుట, చెఱ వీడి వచ్చినవారిని దారిలో పెట్టుట, గ్రంథాలయము నడపుట, పేదలకు అప్పులిచ్చుట, ఇన్నియు నొక్క సంఘమే చేయవలెను. మన మహాసభల తీర్మానములు జ్ఞప్తికి రాలేదా? ఏండ్లు గడచిన కొలది ఒక్కొక్క శాఖయే యెండిపోయి, తుదకు అప్పుల శాఖ యొక్కటియే మిగిలెను. అదియు వాడిపోజొచ్చెను. కారణము దాతల పిసినారితనము కాదు. పూచీ యంతయు ధనికులది, సొమ్ము తీసికొనుట యంతయు పేదలది. తీసికొనువాడు సంఘములో సభ్యుడు కాడు. నష్టము వచ్చినచో వానికేమి? ఇచ్చువానికి ఎన్నాళ్లని భయము లేకుండును? దయ మొదటి యేట వేడిగా నుండును, మూడవ యేట గోరువెచ్చనగును, పదవ యేట సంతకమునకై వెదకవలసి వచ్చును.

ఇచ్చట మా స్వంత యనుభవ మొకటి చెప్పక తప్పదు. మేము ఉపాధ్యాయులుగా నున్న దినములలో నొక యూర సభ్యుల విరాళములతో విద్యార్థి ఋణనిధి నొకదానిని పెట్టించి, లెక్కలు మేమే వ్రాసితిమి. పుస్తకములకును, పరీక్ష రుసుములకును అప్పిచ్చి ప్రోనోటులు పుచ్చుకొంటిమి. ఆ బాలురు దుష్టులు కారు. చాలమంది తరువాత మంచి కొలువులలో చేరిరి. అయినను తిరిగి కట్టినవారు నలుగురైదుగురే. అడుగబోగా, అది పెద్దల ధర్మము గదాయని నిష్కపటముగా ననిరి. వారి తప్పేమున్నది? ఆ నిధి వారిదని మే మొక్కనాడైన వారికి చెప్పలేదు. దాతలను వేదిక మీదను, వారిని వరండాలోను కూర్చుండబెట్టితిమి. ఆ చిట్టా పుస్తకము నేటికిని మా పెట్టెలో నున్నది. అప్పు చేసినవాని పేరును దాత పేరు ప్రక్కన వ్రాయవలెనని రైఫైజన్ 1864లో తెలిసికొనెను. మాకు నిధి మూతపడిన తరువాత తెలిసినది.

1862లో అన్‌హౌజెన్ మొదలగు పల్లెలలో ఆయన ప్రోత్సాహముచే ఋణ సంఘములు వెలసెను. 1864లో హెడ్డెస్‌డోర్ఫ్ ధర్మ సంఘమును ఋణ సంఘముగా మార్చెను. అప్పు కోరు ప్రతివాడును సభ్యుడు కావలయును. సభ్యుడైన ప్రతివాడును సంఘపు బాకీ కంతకును తన యాస్తితో పూచీ పడవలయును. ఇదియే ఆ మార్పు. వ్రాసినచో నొక్క పంక్తి. కాని ఆ పంక్తి వ్రాయుటకు ఆయన మనస్సు సులభముగా నొప్పలేదు. పేదవానికి కలిగినవాడు చేయి యిచ్చుట క్రైస్తవ ధర్మమని నమ్మిన భక్తుడాయన. పేదవానిని పూచీదారుని చేయుట ధర్మమును వ్యాపారముగా దించుట యని మొదట తోచియుండును. తుదకు, దానము పుచ్చుకొను చేయి ఎప్పుడును క్రిందనే యుండుననియు, పూచీ పెట్టిన చేయి మిగిలిన చేతులతో సమముగా నుండుననియు గ్రహించెను.

ఇల్లు తప్ప మఱేమియు లేని పేదవాని పూచీకి విలువ యేమని మన వదాన్యులడుగ వచ్చును. ఒకని పూచీకి విలువ లేదు. ఒక పల్లెలో ఎనుబదిమంది పూచీ కలిసినచో బ్యాంకివాడు సొమ్మిచ్చును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి యున్నది. పొరుగువాడు అప్పు తీర్పనిచో తన పొలము మీదికి వచ్చునని తెలిసినవాడు, ఆ పొరుగువాడు కల్లు దుకాణమునకు పోవుచున్నాడో పొలమునకు పోవుచున్నాడో చూడకుండునా? అందుచేతనే సంఘము ఒక్క చర్చి పరిధిలోని పల్లెను మించి పెరుగగూడదని నియమము. ఎవని నూతిలో నీరున్నదో, ఎవని యెద్దు కుంటిదో అందరికిని తెలియవలెను. అప్పు దేనికని ముందుగా చెప్పవలెను. చెప్పిన దానికి గాక వేఱు దానికి వాడినచో సొమ్మును వెనుకకు పిలుచు హక్కు సంఘమునకు కలదు. పంట చేతికి వచ్చుట, దూడ ఆవగుట కాలము పట్టు పనులు గనుక వాయిదాలు ఏండ్ల తరబడి యుండవలెను. లెక్కలు వ్రాయువానికి తప్ప పాలకవర్గమున నెవరికిని జీతము లేదు. లాభమును పంచుకొనరాదు. మిగిలినది యంతయు నొక విభజింపరాని నిధిలో పడవలెను. సంఘము మూతపడినను ఆ నిధిని సభ్యులు పంచుకొనరాదు, ఊరి మేలునకే చెందవలెను. ఈ చివరి నియమమును మేము మిక్కిలి మెచ్చుకొందుము. నిధి పెరిగిన కొలది దానిని పగులగొట్టి పంచుకొనవలెనను దుర్బుద్ధి పుట్టుట సహజము. పగులగొట్టినను పాలు రాదని తెలిసినచో ఆ బుద్ధి పుట్టనే పుట్టదు.

1865లో, నలువదియేడేండ్లకే, కండ్లును దేహమును చెడి కొలువు విరమింపవలసి వచ్చెను. దానికి రెండేండ్ల ముందు భార్య మరణించెను. బిడ్డలు చిన్నవారు, పింఛను చాలదు. చుట్టల కార్ఖానా పెట్టెను, అది నిలువలేదు. పిమ్మట ద్రాక్షసారాయ వర్తకము చేసి కుటుంబమును పోషించుకొనెను. ఊరూరికిని అప్పు పుట్టించిన మహాశయుడు తన యిల్లు గడపుటకు సీసాలమ్మెనని వినిన మనవారికి నవ్వు రావచ్చును; మాకు మాత్రము గౌరవమే కలిగినది. సంఘముల సొమ్ముతో బ్రతుకలేదు గదా!

1866లో తన పద్ధతిని వివరించుచు గ్రంథమును ప్రకటించెను. అది పెక్కు కూర్పులు పొంది, 1887లో ఐదవ కూర్పు వెలువడెను. ఆ గ్రంథమును, వేలకొలది యుత్తరములను ఆయన చెప్పుచుండగా వ్రాసినది పెద్ద కుమార్తె అమాలీ. తండ్రి చూపు మందగించిన కొలది ఆమెయే ఆయన కన్నులయ్యెను. ఆమె వివాహమాడలేదు. తండ్రి విగ్రహములు జర్మనీలో పెక్కుచోట్ల నిలిచినవి. అమాలీ పేరు మాత్రము అంతగా వినబడదు.

ఆయనకు ప్రత్యర్థియు కలడు. హెర్మన్ షుల్ట్సె-డెలిట్ష్ అను న్యాయాధికారి అంతకు ముందే, 1850 నాటి నుండియే, పట్టణపు చేతిపనివారి కొఱకు ఋణ సంఘములను నెలకొల్పెను. సభ్యులు వాటాలు కొనవలె ననియు, లాభము పంచవలె ననియు, అప్పులు కొద్ది నెలలకే యుండవలె ననియు ఆయన మతము. పరుల దయ తగిలినచో సంఘము చెడునని ఆయన వాదము. దానివలన రైఫైజన్ కొంత నేర్చుకొనెను గూడ. 1872లో పల్లె సంఘములకు పైన నోయ్‌వీడ్‌లో నొక కేంద్ర బ్యాంకిని పెట్టగా, అది చట్టవిరుద్ధమని షుల్ట్సె జర్మనీ శాసనసభలో పోరెను. ఆ తగవులో నెగ్గినది షుల్ట్సెయే. పల్లె సంఘముల నడుమ అపరిమిత బాధ్యతను తొలగించి 1876లో ఆ కేంద్రమును వాటాల కంపెనీగా మార్పవలసి వచ్చెను. ఇరువురును సజ్జనులే. చెప్పులు కుట్టువానికి మూడు నెలల యప్పు చాలును, రైతునకు చాలదు. ఇంతమాత్రపు భేదమునకు అంత వైరము పుట్టెను.

మహనీయుల చరిత్రలలో దోషములను దాచుట మన యాచారమైనను, ఇక్కడ నొకటి దాచరాదు. పల్లెలలో పశువుల వర్తకులును, వడ్డీ వ్యాపారులును కొందరు యూదులగుటచే, రైఫైజన్ తన వ్రాతలలో ఆ జాతి నంతటిని నిందించిన తావులు కలవు. అది అన్యాయము. వృత్తిలోని కాఠిన్యమును పుట్టుకకు అంటగట్టుట యెచ్చట జరిగినను తప్పే. కులసభ సంచికలో వ్రాయుచున్నారము గనుక ఈ మాట చెప్పవలసిన బాధ్యత మాకు మరింత యున్నది. తరువాతి శతాబ్దమున ఆ దేశముననే ఆ ద్వేషము ఎంత ఘోరమునకు దారి తీసెనో లోకమెఱుగును.

1888 మార్చి 11వ తేదీన హెడ్డెస్‌డోర్ఫ్‌లో ఆయన పరమపదించెను. డెబ్బదవ జన్మదినమునకు ఇంక పందొమ్మిది దినములే యుండెను. అప్పటికి ఆయన పద్ధతిని నడచు సంఘములు నాలుగు వందలకు పైబడినవి. మరుసటి సంవత్సరము జర్మనీ సహకార చట్టము సవరింపబడెను. 2016లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ, సహకార సంఘముల భావమును ఆచరణమును మానవజాతి వారసత్వముగా నెంచినప్పుడు, ఆ గౌరవము రైఫైజన్, షుల్ట్సెల యిరువురి కృషిపై నిలిచినదే. బ్రతికినన్నాళ్లు పొసగనివారిని మరణానంతరము ఒక్క పీటమీద కూర్చుండబెట్టిరి.

మన దేశమున 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టము ఆయన ముద్రతోనే వచ్చెను. పల్లె సంఘములకు అపరిమిత బాధ్యత విధింపబడెను. లాభమంతయు నిల్వనిధికే చేరవలెనని శాసింపబడెను. నియమములు వచ్చినవి గాని, నికల్సన్ దొర వెదకుమనిన మనుష్యుడు ఊరూర దొరకలేదు. అచ్చట పొరుగువాడు పొరుగువానిని చూచుకొనగా, ఇచ్చట రిజిస్ట్రారు వచ్చి చూచుననుకొనిరి. 1951-52లో దేశమంతట జరిగిన గ్రామీణ ఋణ పరిశీలనలో, రైతుల అప్పులలో సహకార సంఘములు ఇచ్చినది నూటికి 3.1 వంతు మాత్రమే యని తేలెను. పిమ్మట అపరిమిత బాధ్యతను విడిచి, సంఘములను పెద్దవిగా చేసి, ప్రభుత్వపు వాటా ధనమును చేర్చిరి. ప్రభుత్వ ధనముతోడనే ప్రభుత్వపు చేయియు లోనికి వచ్చెను. ఆ చేయి లేకుండ సభ్యుల సొమ్ముతోనే నడచుకొనుటకు ఆంధ్రప్రదేశమున 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చినది. మన ప్రతిపాదిత సంఘమును ఈ పద్ధతిలోనే నడపవలెనని సంకల్పము.

ముసాయిదా నియమావళిని కార్యదర్శిగారు దయతో మాకు చూపిరి. అందు విరాళమిచ్చిన పోషకులే సభ్యులు. అప్పు పుచ్చుకొను వారు లబ్ధిదారులని పేర్కొనబడిరి. వారికి వోటు లేదు, పూచీ లేదు, లెక్కలు చూచు హక్కు లేదు. ఇది 1854 నాటి హెడ్డెస్‌డోర్ఫ్ సంఘమే. ఈ నిబంధనను మార్చి, అప్పు కోరు ప్రతివానిని ముందుగా సభ్యునిగా చేర్చుకొనవలెననియు, పోషకులకు సైతము ఒక్క వోటే యుండవలెననియు మేమొక సవరణ వ్రాసి యిచ్చితిమి. పోషకులైన పెద్దలకు దీనివలన మనస్తాపము కలుగదని నమ్మెదము; కలిగినను సవరణ నుపసంహరించుకొనము. ఆ కాగితము సభామంటపమున కార్యదర్శిగారి బల్ల యొద్ద నుండును. బలపరచువారు రెండవ దినము మధ్యాహ్నపు సమావేశమునకు ముందు చేవ్రాలు చేయ ప్రార్థితులు.